నీలం ఫారంలో సాక్షి గడి

లారీ గుద్దుకున్నాక ఏం చేయాలో కొత్త డ్రైవర్లకి చెప్పే పని మా చేపల సహకార సంఘం వాళ్ళు నాకు అప్పగించారు. ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలినవాణ్ణి, అయినా కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నవాణ్ణి. నా అర్హత అదే. ఇంజన్ ఆపు, పసుపు చొక్కా తొడుక్కో, రోడ్డు వైపు తలుపు తియ్యకు, రెయిలింగ్ దాటి పొలంలోకి దిగిపో, ఆ తర్వాతే ఫోన్ తియ్యి. ఇంతవరకూ చెప్పేవాణ్ణి. పిల్లలు ఆవలిస్తూ రాసుకునేవాళ్ళు. ఆ పైన ఇంకో మాట ఉంది. పొగమంచులోంచి ఎవడైనా ఫారం పట్టుకుని వస్తే వాడితో మాట కలపకు. ఇది చెప్తే ముసలాడికి మతి పోయిందంటారని ఇన్నాళ్ళూ మింగేశాను. ఇప్పుడు రాస్తున్నాను. ఇక ఎవరు నవ్వినా నాకు పోయేదేమీ లేదు.

ఆరేళ్ళ కిందటి మాట. జనవరి పదిహేడు, పొద్దున్నే. పో అనే నది సముద్రంలో కలిసే చోట మా ఊరు. అక్కడ తీసిన ఆల్చిప్పలని బొలోన్యా మార్కెట్‌కి చేర్చాలి. నా కంటికి ఆపరేషన్ అయి మూడు వారాలే కావడంతో లారీ మా అమ్మాయి ఇలేనియా తోలుతోంది. పెద్ద బండ్ల లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. వాళ్ళమ్మ పోయాక నాకు మిగిలింది తనొక్కతే. అందుకే డాక్టర్ వద్దన్నా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను.

దారిలో కాఫీకి ఆగాం. కౌంటర్ వెనక ఉండే లావుపాటి వాండా నన్ను చూసి నవ్వింది.

"ఏం ఎర్మెస్, ప్రమోషనా? పక్క సీటిచ్చారట?"

"పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కుతున్నాడు ఆంటీ. అటు వైపు బ్రేకు ఉండదని మీరైనా చెప్పండి," అంది ఇలేనియా.

"నువ్వు సరిగ్గా తొక్కితే నేనెందుకు తొక్కుతానే?" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయట మంచు అప్పుడే కిటికీ అద్దాల దాకా వచ్చేసింది.

మా వైపు చలికాలం మంచు ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అది పై నుంచి దిగదు, నేలలోంచి లేస్తుంది. తడి మట్టీ, కుళ్ళిన బీటుదుంపల ఆకూ, డీజిలూ కలిసిన వాసన ముక్కులో అలాగే ఉండిపోతుంది. ఎనిమిదిన్నర అయినా ఎండ జాడ లేదు. ముందు పోతున్న బండి ఎర్ర దీపాలు కాసేపు కనిపిస్తాయి, కాసేపు కనిపించవు. ఇలేనియా వేగం తగ్గించింది, ఇంకా తగ్గించింది. బాగానే తోలుతోంది. ఆ మాట పైకి అందామనుకున్నాను కూడా. అనలేదు. ఇంట్లోవాళ్ళని పొగడటం మాకు అలవాటు లేదు.

నేను ఫోన్ తీసి మార్కెట్ వాళ్ళకి ఆలస్యమవుతుందని మెసేజ్ కొడుతున్నాను. తల ఫోన్‌లో ఉంది. ఆ క్షణంలో ఇలేనియా "అయ్యో" అంది.

అంతే... పెద్దగా ఏమీ లేదు. బ్రేకు పట్టేసిన కీచుమనే శబ్దం, లారీ వెనక భాగం పక్కకి జారడం, ఇనుము ఇనుముని కొరికిన చప్పుడు. బెల్టు నా ఛాతీని కోసినంత పని చేసింది. వెనక తలుపులు ఊడిపోయాయి. పన్నెండు వందల కిలోల ఆల్చిప్పలు గలగలమంటూ రోడ్డంతా పరుచుకున్నాయి. 

"నాన్నా, బానే ఉన్నావా?"

"నేను బానే ఉన్నా. నువ్వు?"

తన పెదవి చిట్లింది. రక్తం గడ్డం మీదికి కారుతోంది. అంతకుమించి ఏమీ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ముందు, బంపర్‌కి బంపర్ ఆనుకుని, ఒక తెల్ల వ్యాన్.

"అటు దిగకు. నా వైపు నుంచి రా," అన్నాను.

"వెనక్కెళ్ళి ఎర్ర హెచ్చరిక త్రికోణం పెట్టాలి నాన్నా. రూలు."

"రూలు సంగతి నాకు చెప్పకు. ఇంత మంచులో వెనక్కి నడిచినవాడు తిరిగి రాడు. దిగు!"

నా వైపు తలుపులోంచి ఇద్దరం దిగాం. రెయిలింగ్ దాటుదామని వంగి చూశాను. అవతల నేల లేదు. మేం ఆగింది వంతెన మీద. కింద ఎక్కడో కాలవ నీళ్ళ చప్పుడు. వంతెన అయిపోయేదాకా ముందుకి నడవాలి, వంద అడుగులో, రెండొందలో. ఆ తర్వాతే పొలం. ఆ వంద అడుగులూ నా కూతుర్ని ప్రాణాలతో నడిపించాలి. నాకు అప్పుడు కావలసింది ఇంకేమీ లేదు.

అడుగు వేస్తే ఆల్చిప్పలు ఫట్ ఫట్‌మని పగులుతున్నాయి. వ్యాన్ పక్కకి వచ్చేసరికి దాని ముందు నుంచి ఒక మనిషి మా వైపు వంగాడు. యాభై ఏళ్ళుంటాయి. గోధుమ రంగు కోటు, నున్నగా దువ్విన జుట్టు, మర్యాద ఉట్టిపడే ముఖం. చేతిలో నీలం ఫారం.

"దెబ్బలేమీ తగల్లేదు కదండీ? అదే పదివేలు. ఇంకా పోలీసులెందుకు చెప్పండి, ఫారం నింపేసుకుందాం."

మా దేశంలో ఇంతకంటే మామూలు మాట లేదు. ప్రతి బండి డాష్‌బోర్డు పెట్టెలోనూ ఆ నీలం ఫారం ఉంటుంది. రెండు బండ్లు గుద్దుకున్నాయా, ఇద్దరూ బానెట్ మీద వంగి వివరాలు రాసి, ప్రమాదం ఎలా జరిగిందో బొమ్మ గీసి, సంతకాలు పెట్టి, కార్బన్ ప్రతులు చెరొకటి తీసుకుంటారు. పోలీసు ఉండడు, గొడవ ఉండదు. వర్షంలో నిలబడి నింపినవాళ్ళని చూశాను, కాలు విరిగి నింపినవాణ్ణి కూడా చూశాను. నేనే డజను నింపి ఉంటాను. ఆ మాట వినగానే మా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆ రోజూ ఆగిపోయాయి.

"థాంక్సండీ," అంది ఇలేనియా. తన భయం నాకు తెలుసు. పోలీసులొస్తే తప్పు వెనకబండిదే అంటారు, నాలుగు నెలల లైసెన్సు పోతుంది.

"తర్వాత చూద్దాం, పద," అన్నాను.

"రెండు నిమిషాలు నాన్నా."

అతను ఫారం బానెట్ మీద పరిచాడు. పెన్ను తీశాడు. అందమైన దస్తూరి, తొందరే లేదు.

"పేరు చెప్పండి అమ్మాయిగారూ."

చెప్పింది.

"పుట్టిన తేదీ?"

చెప్పింది. వెనక మంచులో ఎక్కడో బ్రేకు అరిచింది. ధన్‌మని చప్పుడు. మా లారీ ఒక అడుగు ముందుకి జరిగింది. వ్యాన్ మాత్రం కదల్లేదు.

"ఇలేనియా, పద!"

"ఒక్క గడి మిగిలిందండీ," అన్నాడతను.

మళ్ళీ ధన్. ఈసారి ఇంకా దగ్గర్లో. గాజు పగిలి కురిసిన చప్పుడు. ఒక ఆడమనిషి అరుపు మొదలై, మధ్యలోనే తెగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. ఒక చిన్న కారు మా లారీ తోక కిందికి దూరిపోయింది. దాని పైకప్పు డబ్బా మూతలా లేచి వెనక్కి మడత పడింది. లోపల ఇద్దరు కూర్చునే ఉన్నారు. భుజాల దాకే ఉన్నారు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి.

 అమ్మాయి అటు తిరగకుండా తల పట్టుకున్నాను.

ఆల్చిప్పల మీద పాకుతున్న శబ్దం. మంచులోంచి ఒకతను మోచేతుల మీద వస్తున్నాడు. కింది దవడ ఒక పక్కకి వేలాడుతోంది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు. నోట్లోంచి రక్తం బుడగలు తప్ప ఏమీ రావడం లేదు. కోటు వేసుకున్నాయన తలెత్తి అతన్ని చూశాడు. చిరాకు పడలేదు.

"మీది తర్వాత రాద్దామండీ. వరసలో రండి."

అప్పుడు... అప్పుడు తెలిసింది నాకు. అంతసేపూ ఆ మనిషి ఒక్కసారి కూడా కదల్లేదు. నడుం పైభాగమే అటూ ఇటూ వంగుతోంది. నేను తల వంచి చూశాను. వ్యాన్ ముందు రెయిలింగ్ ఇనుప స్తంభం. స్తంభానికీ బంపర్‌కీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు కూడా లేదు. అతని నడుం నుంచి మోకాళ్ళ దాకా ఉన్నదంతా ఆ సందులోనే ఉంది. కర్రతో ఒత్తిన పిండిలా పల్చగా, వెడల్పుగా. కోటు అంచు నుంచి నల్లటిదేదో బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ బొట్లు ఆల్చిప్పల మీద పడుతున్నా చప్పుడు కావడం లేదు.

"అమ్మాయిగారూ, ఇక్కడ సంతకం."

"పెట్టకు..." అన్నాను. 

పెట్టేసింది.

నేను తన చెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. తను పెట్టిన సంతకం మీద అతని వేళ్ళు ఉన్నాయి, తన వేళ్ళు వాటి కింద ఉన్నాయి. తను అరిచింది. నేను అతని చేతి మీద కొట్టాను, పిడికిలితో, మోచేత్తో. ఐసు పెట్టెలో చెయ్యి పెట్టినట్టుంది. వెనక మంచులో భూమి అదిరే శబ్దం మొదలైంది. నలభై టన్నుల బండి... ఆ శబ్దం నాకు నిద్రలో కూడా తెలుసు. అది ఆగదు. ఆగే దూరం లేదు.

"వదులు! దాన్ని వదులు!"

"సాక్షి ఒకరుండాలి కదండీ," అన్నాడతను, అదే మర్యాదతో. "మీరు చూశారు కదా?"

నేను చూడలేదు. నా తల ఫోన్‌లో ఉంది. అయినా మా ఊరివాళ్ళం అంతే కదా, అడిగితే కాదనం. బంధువుకీ, పొరుగువాడికీ, దారినపోయేవాడికీ చూడని వాటికి సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళమే.

"చూశాను! చూశాను, నా పేరు రాసుకో, దాన్ని వదిలెయ్!"

అతను మొదటిసారి నవ్వాడు. చెయ్యి తీశాడు. నా పేరు రాశాడు, ఇంటిపేరు రాశాడు, ఊరు రాశాడు. అవేవీ నేను చెప్పలేదు.

పై ప్రతి చింపి ఇలేనియా చొక్కా జేబులో పెట్టాడు. నేను తన నడుం పట్టుకుని ఎత్తి పరుగెత్తాను. యాభై ఏడేళ్ళవాణ్ణి, ఎలా మోశానో తెలియదు. పది అడుగులు... ఇరవై... వెనక పేలుడు లాంటి దెబ్బ. గాలి మమ్మల్ని ముందుకి విసిరేసింది. తిరిగి చూస్తే మంట. మంట మధ్యలో అతను, కోటు అంటుకుని, కాగితాల అంచులు సర్దుకుంటున్నాడు. దవడ వేలాడుతున్నవాడు అతని ముందు నిలబడి ఉన్నాడు. నిజంగానే వరసలో నిలబడ్డాడు.

వంతెన దాటి బీటుదుంపల పొలంలోకి దొర్లాం. గంట తర్వాత అంబులెన్సు వాళ్ళు వచ్చి లేపేదాకా నేను అమ్మాయి మీదే పడుకుని ఉన్నాను.

తొమ్మిది మంది పోయారు. పోలీసులు రెండుసార్లు పిలిచారు. తెల్ల వ్యాన్ ఏదండీ అని అడిగాను. ఆ వరసలో మొదటి బండి మాదేనన్నారు. మా లారీ ముందు వంతెన స్తంభం తప్ప ఏమీ లేదట. షాక్‌లో అలాగే అనిపిస్తుంది పెద్దాయనా, ఇంటికెళ్ళి పడుకో అన్నారు.

ఆస్పత్రిలో ఇలేనియా చొక్కా జేబులోంచి కాగితం నేనే తీశాను. అక్షరాలు తడిసినా చెరగలేదు. తేదీ గడిలో జనవరి పదిహేడు లేదు. ఫిబ్రవరి తొమ్మిది అని ఉంది. సంవత్సరం దగ్గర ఖాళీ. బొమ్మ గీయాల్సిన చోట తిన్నని రోడ్డు, ఒక కారు, రోడ్డు మీద పడుకున్న ఒక మనిషి. పక్కన నిలబడి చూస్తున్న ఇంకో మనిషి. నిలబడ్డవాడి కింద, సాక్షి గడిలో, నా పేరు.

ఇలేనియా మూడుసార్లు చదివింది.  ఆ పైన ధైర్యం తెచ్చుకుంది.

"వాడెవడో పిచ్చివాడు నాన్నా. మంటల్లో పోయాడు. కాల్చెయ్ దాన్ని."

"కాలిస్తే ఏం లాభం? రెండో ప్రతి వాడి దగ్గరే ఉందిగా."

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. సాక్షి లేకుండా ఆ ఫారం చెల్లదు. అంటే ఆ బొమ్మలో ఇలేనియాకి రాసిపెట్టింది నేను చూస్తుండగానే జరగాలి. నేను అక్కడ లేకపోతే జరగదు. అందుకని ఏటా ఫిబ్రవరి ఎనిమిదిన సాయంత్రం బస్సెక్కి క్యొజ్జా ఊళ్ళో ఉన్న మా చెల్లెలు లొరెదానా ఇంటికి పోయేవాణ్ణి. పదో తేదీ దాకా గడప దాటేవాణ్ణి కాదు. ఇలేనియా మా ఊళ్ళో, ఇంట్లో, తలుపేసుకుని ఉండాలి. ఒట్టు వేయించుకున్నాను. లారీ అప్పుడే మానేసి సంఘం ఆఫీసులో చేరింది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉండేది, నా కోసం. ఒక ఏడు గడిచింది, రెండు గడిచాయి, ఐదు గడిచాయి. ఏమీ కాలేదు. నేను గెలిచాననుకున్నాను. ఎంత వెధవనో చూడండి.

ఈ ఏడు ఫిబ్రవరి తొమ్మిది. పొద్దున పదకొండు గంటలు. లొరెదానా వంటింట్లో పోలెంటా సంకటికి మొక్కజొన్న పిండి కలుపుతోంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఫోన్ మోగింది.

"నాన్నా, అత్త ఏం వండుతోంది?"

వెనక ఇంజన్ శబ్దం వినపడింది.

"ఎక్కడున్నావే?"

"అరవకు. నీ దగ్గరికే వస్తున్నా. అత్తవాళ్ళ ఊరి చివరికి వచ్చేశా. నీ పక్కన కూర్చుని తిని, సాయంత్రం దాకా నీ ముఖమే చూస్తుంటా. ఏమీ కాదని నీకే తెలుస్తుంది. ఇంక ఈ భయం నేను చూడలేను నాన్నా. ఏడాదికేడాది చిక్కిపోతున్నావు."

"వెనక్కి తిప్పు. నా తల్లివి కదూ, వెనక్కి తిప్పు. మంచుందా?"

"కొంచెం. మెల్లగానే వస్తున్నాలే."

 లేచి నిలబడ్డాను. లొరెదానా పిండి చేతులతో నా వైపు చూస్తోంది.

"ఇలేనియా, నా మాట విను..."

"అదిగో!" అని నవ్వింది. "ఎదురొచ్చావా? ఏంటి నాన్నా ఇది, ఈ చలిలో, కోటైనా లేకుండా! రోడ్డు మీదేంటి నిలబడటం?"

లొరెదానా కూడా వినాలని స్పీకర్ వేసి ఫోన్ బల్ల మీద పెట్టాను.

"ఇలేనియా. నేను అత్త వంటింట్లో ఉన్నా. నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నావు. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉందా? చూడు! ఉందా?"

 తన ఊపిరి వినపడింది.

"...లేదు."

"ఆపకు! తొక్కు! వాణ్ణి గుద్దెయ్, ఆపకు!"

"నాన్నా, నువ్వు ఏడుస్తున్నావు... అక్కడ... చెయ్యి చాపి..."

"అది నేను కాదు తల్లీ!"

బ్రేకు. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటోంది. నేను అరుస్తూనే ఉన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. తలుపు తెరుచుకున్న చప్పుడయింది. గాలి శబ్దం ఫోన్‌లోకి వచ్చింది. దూరంగా, చాలా దూరంగా, ఒక పెద్ద బండి వస్తున్న చప్పుడు.

తర్వాత ఒక గొంతు. నిదానంగా, ముద్దుగా, తను చిన్నప్పుడు సైకిల్ నేర్చుకునేటప్పుడు నేను మాట్లాడినట్టుగా.

"దిగు తల్లీ. ఏం కాదు. నేను చూస్తున్నాగా."

అది నా గొంతు. లొరెదానా కూడా విన్నది. నేనప్పటికే నోరు రెండు చేతులా మూసుకుని ఉన్నాను.